పెంకు, పొర, సొన

మనిషి తలకాయలో ఏముంటుందో పిల్లలకు చెప్పడం నా ఉద్యోగం. నా తలకాయలో ఏముందో కనిపెట్టడం మా అమ్మకు కాలక్షేపం. నేను ఏటా అదే పాఠం చెప్పేవాణ్ణి. ఆవిడ ఏటా "ఏమీ లేదు" అనే తేల్చేది.

తొంభైల మొదట్లో గుంటూరులో రెండేళ్ళు ఎంసెట్ కోచింగు తీసుకున్నాను. మెడిసిన్‌లో సీటు రాలేదు. నాకంటూ సీటున్నది సైకిలొక్కటే కాబట్టి దానిమీదే ఊరికి తిరిగొచ్చి, తర్వాత బీఎస్సీ, బీఈడీ అయిందనిపించి, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా కుదిరాను. చీరాల నుంచి చిలకలూరిపేట పోయే దారిలో ఉంటుంది మా ఊరు. రోడ్డుకు అటు మిరప, ఇటు పత్తి. ఎండాకాలం మొదట్లో అటు చూస్తే ఎరుపు, ఇటు చూస్తే తెలుపు, మధ్యలో దుమ్ముకొట్టుకుపోయిన నేను.

మెదడు పాఠమంటే నాకు ప్రత్యేకమైన మమకారం. డాక్టరు కాలేనివాడికి ఆపరేషను చేసే భాగ్యం నల్లబల్ల మీద సుద్దముక్కతోనే కదా. పైన ముడతలు ముడతలుగా మస్తిష్కం, వెనక కింద అనుమస్తిష్కం, ఆ కింద కాడలాగా మజ్జాముఖం. నేను ఎంత శ్రద్ధగా గీసినా అది చివరికి కాలీఫ్లవరులాగే తేలేది. తర్వాత కాపలావాళ్ళ వంతు. బయట గట్టి ఎముక, కపాలం. దాని లోపల మూడు పొరలు: వరాశిక, లౌతికళ, మృద్వి. వరాశిక మందంగా, ఎముకను కరుచుకుని ఉంటుంది. లౌతికళ సాలెగూడులాంటిది. మృద్వి పేరుకు తగ్గట్టే మెత్తన, మెదడు ముడతల్లోకి కూడా దూరి అంటుకుపోతుంది. లౌతికళకూ మృద్వికీ మధ్య ఉండే మస్తిష్కమేరుద్రవంలో మెదడు తేలుతూ ఉంటుంది. తన బరువు తనకు తెలియకుండా, బయటి కుదుపులు లోపలికి రాకుండా.

పిల్లలు ఈ మూడు పేర్లనూ ముగ్గురక్కచెల్లెళ్ళ పేర్లలా వల్లించేవాళ్ళు. ఒకడైతే లేచి నిలబడి, "మృద్వి ఏ సెక్షనండీ?" అని అడిగాడు.

ఈ పాఠానికి నేనొక ప్రయోగం కూడా కనిపెట్టాను. రెండు స్టీలు డబ్బాలు, రెండు కోడిగుడ్లు. ఒక డబ్బాలో ఉత్త గుడ్డు, రెండోదాంట్లో గుడ్డుతోబాటు నిండా నీళ్ళు. మూతలు పెట్టి రెండూ ఊపాలి. ఉత్త డబ్బాలో గుడ్డు చిట్లుతుంది, నీళ్ళలో గుడ్డు చెక్కుచెదరదు. మెదడు చుట్టూ ద్రవం ఎందుకో పిల్లలకు జన్మలో మరిచిపోని విధంగా తెలుస్తుంది. మొదటి ఏడాది మూత సరిగ్గా పెట్టలేదు. గుడ్డు భద్రంగానే ఉంది గానీ, నీళ్ళన్నీ నా ప్యాంటు మీదికొచ్చి, ఆ పూటంతా కుర్చీలోంచి లేవకుండా పాఠం చెప్పాల్సొచ్చింది.

గుడ్లు మా అమ్మ కోళ్ళవి. ఇచ్చేటప్పుడు ప్రతి ఏడూ ఒకే పాట.

"ఆమ్లెట్టేసుకుంటే ఒంటికన్నా పట్టేది. డబ్బాలో ఏసి ఊపుతావంటరా, పిచ్చి సన్నాసీ!"

"మెదడు ఎట్టా తేలతదో చూపించాలమ్మా."

"నీది తేలేది ఎప్పుడో చూశాంలే. ఎంసెట్లో."

అమ్మ మాటంటే అంత పదును. నాన్న పోయాక ఇంట్లో నేను, అమ్మ, మా మేనత్త. అత్త నాన్నకు అక్క. మామయ్య పోయాక పుట్టింటికే వచ్చేసింది. ఆ ఇద్దరాడవాళ్ళూ పొలం చేయించేవాళ్ళు, కూలీలను పిలిచేవాళ్ళు, కల్లంలో మిరపకాయ ఎండబెట్టించేవాళ్ళు. ఆ పనంతా ఒకరినొకరు ఆడిపోసుకుంటూ చేసేవాళ్ళు. అత్త ఒకటంటే అమ్మ రెండు. పొద్దున పంపు దగ్గర మొదలైన కచేరీ రాత్రి అన్నాల దగ్గర ముగిసేది. బయటివాళ్ళకు పోట్లాటలా వినపడేది గానీ, మా ఇంటికి అదే రేడియో.

ఆ రేడియో ఒక ఏడు మెల్లగా ఆగిపోవడం మొదలుపెట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకు, కాయ కల్లాల మీదున్న రోజుల్లో. అంతకు ముందొకసారి అకాల వాన పడింది. నేను బడిలో ఉన్నాను. వాళ్ళిద్దరూ పరుగెత్తి, ఆరబోసిన కాయ పోగుచేసి, టార్పాలిన్ పట్టాలు కప్పి పంటను కాపాడారు. సాయంత్రం నేనొచ్చేసరికి ఇద్దరూ తడిసిన కోళ్ళలా అరుగుమీద కూర్చుని, నేను వేళకు లేనందుకు నన్ను వంతులవారీగా తిట్టారు. అది మామూలే.

తర్వాత మూడు నాలుగు వారాలకు అమ్మకు తలనొప్పి మొదలైంది. మిరప ఘాటు అనుకున్నాం. మధ్యాహ్నం పూట మగతగా పడుకోవడం మొదలైంది. ఎండ అనుకున్నాం. మా ఊళ్ళో వైద్యం చేసే ఆయన వేడి చేసిందని బలం సూది వేశాడు. పొరుగావిడ దిష్టి తీసింది. నేను మజ్జిగ తాగమన్నాను. ఇంతమంది వైద్యులుండగా జబ్బుకు ఏం తోస్తుంది? అది నిమ్మళంగా పెరిగింది.

మొదట కనిపెట్టింది అత్త. కల్లంలో తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన పనికిరాని కాయ. దాన్ని మంచి ఎర్రకాయ నుంచి వేరుచేసి పక్కన పోయాలి. అమ్మ చెయ్యి ఆ పనిలో చూడకుండానే నడిచేది. ఆ రోజు ఆవిడ ముందున్న తాలుకుప్పలో సగం ఎర్రటి మేలిరకం కాయ ఉంది.

"ఏమ్మాయ్, కాయంతా తాల్లో పోస్తన్నావేంది? కళ్ళుగానీ అమ్ముకున్నావా?" అంది అత్త.

ఇలాంటి మాటకు అమ్మ దగ్గర నాలుగైదు సమాధానాలు సిద్ధంగా ఉండాలి. అత్త కూడా వాటికోసమే ఎదురుచూసింది. అమ్మ తలెత్తి, ఏదో దూరం నుంచి వినపడ్డట్టు చూసి, "సరే వదినా" అంది.

ఆ సాయంత్రం అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. "ఒరే అబ్బాయ్, మీ అమ్మ నన్ను తిరిగి తిట్టలేదురా" అంది.

నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత అమ్మ నాకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. మామూలుగా నేనే పట్టుకెళ్ళేవాణ్ణి, ఆ రోజు మర్చిపోయాను. పక్క ఊరే అయినా మా ఇంటినుంచి పొలం గట్ల మీద దగ్గరి దారి. తరగతిలో కాలీఫ్లవరు సగం గీసి, మెదడు కుడివైపు శరీరంలో ఎడమవైపును ఏలుతుంది, ఎడమవైపు కుడిని ఏలుతుంది అని చెబుతున్నాను. అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ముందు వరసలోని అమ్మాయి కిందికి చూసి, "సార్, అమ్మమ్మగారికి ఒక చెప్పే ఉందండీ" అంది.

నిజమే. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలు ఉత్తది, మట్టిగొట్టుకుని ఉంది.

"అమ్మా, ఇంకో చెప్పేదే?"

అమ్మ కాళ్ళవైపు చూసుకుంది. "ఉందిగా" అంది. ఆవిడకు అది పోయినట్టే తెలియదు.

చెప్పు దారిలో కాలవగట్టు దగ్గర దొరికింది. అక్కణ్ణుంచి ఉత్తకాలుతో పల్లేరుకాయల మీద నడిచొచ్చి కూడా ఆవిడకు తెలియలేదు. నా వెనక నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు బాణంగుర్తు ఉంది. నేనే గీసింది. అన్నేళ్ళుగా గీస్తున్నాను గానీ, ఆ బాణం ఎప్పుడూ బల్ల దాటి ఎవరికీ తగల్లేదు. ఆ రోజు దిగి నేరుగా నా గుండెలో గుచ్చుకుంది. ఎడమ కాలు. మొన్న పళ్ళెం జారిపోయింది, అదీ ఎడమ చెయ్యి. తలనొప్పి, మగత. కుడివైపు ఏదో ఉంది.

సగం చదువు ఎప్పుడూ చెడ్డవైపుకే పరుగెత్తుతుంది. నాకు తట్టినవన్నీ కోచింగులో బట్టీపట్టిన భయంకరమైన జబ్బులు. ఆ మాట చెబితే అత్త బెంబేలెత్తింది.

"మెదడులో ఏదో ఉందంటావా? మీ అమ్మ మెదడులోనా, నీ మెదడులోనా? సరిగా చెప్పరా!"

"అమ్మకే అత్తా. గుంటూరు పోవాలి."

ఊళ్ళో వైద్యం చేసే ఆయన కూడా వచ్చి చూసి, పాపం ఆయనే అంబాసిడర్ కారు మాట్లాడి పెట్టాడు. వెనక సీట్లో అమ్మ తల అత్త ఒళ్ళో. ముందు సీట్లో నేను. చిలకలూరిపేట వరకు ఆ రోడ్డు గుంతల గురించి నేను చెప్పనక్కర్లేదు. కారు ఎగిరినప్పుడల్లా నా కళ్ళ ముందు స్టీలు డబ్బా కనపడింది. లోపల నీళ్ళున్నాయి, లోపల నీళ్ళున్నాయి అని జపం చేసుకున్నాను. మస్తిష్కమేరుద్రవానికి మొక్కుకున్న భక్తుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ నాకంటే పెద్ద వయసేం కాదు. మెదడు ఆపరేషన్లు చేసే మనిషికి ఉండాల్సిన ఠీవి ఉంటుందనుకున్నాను గానీ, ఆవిడ అప్పుడే టీ బిస్కెట్టు తిన్నట్టు కోటు మీద పొడి ఉంది. అమ్మను చేతులు చాపమంది. ఎడమ చెయ్యి ఆవిడకు తెలియకుండానే మెల్లగా కిందికి దిగిపోయింది.

"ఈమధ్య తలకి దెబ్బేమైనా తగిలిందాండీ?"

"లేదండీ" అన్నాను.

నా వెనక నిశ్శబ్దం. అత్త ఉన్నచోట నిశ్శబ్దమంటే అనుమానించాల్సిందే. తిరిగి చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"తగిలిందమ్మా" అంది చివరికి. "రెండుసార్లు తగిలింది. నాదే తగిలింది."

"మీదంటే?"

"నా తలకాయ."

వాన రోజున జరిగిందట. ఆరబోసిన కాయమీద చినుకులు మొదలయ్యాయి. ఒకే పట్టా అంచు అందుకోవడానికి అటునుంచి అత్త, ఇటునుంచి అమ్మ ఒకేసారి వంగారు. రెండు తలలూ టంగుమని కొట్టుకున్నాయి. ఇద్దరికీ కళ్ళు బైర్లు కమ్మాయి, ఒకరినొకరు తిట్టుకున్నారు, పట్టా కప్పేశారు.

"మరి రెండోసారి?" అంది డాక్టరమ్మ.

అత్త నేల చూపులు చూసింది. "మొదటిది తగిలింది తల్లీ. రెండోది తగిలించాం."

మా వైపు పుట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇద్దరి తలలు ఒకసారి కొట్టుకుంటే ఊరుకోకూడదు, కావాలని ఇంకోసారి తగిలించుకోవాలి. లేకపోతే కొమ్ములు మొలుస్తాయి. చిన్నప్పుడు ఆటల్లో అందరం చేసిందే. కానీ పంటమీద వాన పడుతుంటే, అరవై ఏళ్ళ ఇద్దరాడవాళ్ళు ఆగి, తలలు వంచి, గురిచూసి మళ్ళీ కొట్టుకున్నారట. అత్త ఏ పనైనా చేస్తే గట్టిగా చేస్తుంది. అది ఇంకో చిక్కు.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. మొహం గంభీరంగా పెట్టుకోవడానికి ఆవిడ పడిన కష్టం నాకు కనపడింది. "కొమ్ములకా?" అంది.

"ఆఁ తల్లీ."

"మా అమ్మమ్మా ఇట్టాగే" అని ఊరుకుని, స్కానింగ్ రాసింది.

ఫిల్ము వచ్చాక దీపాలపెట్టె మీద పెట్టి నన్ను పిలిచింది. నేను జీవితమంతా గీసిన బొమ్మ మొదటిసారి నిజంగా చూశాను. చెబితే నమ్మరు, కాలీఫ్లవరులాగే ఉంది.

"చుట్టూ ఉన్న ఈ తెల్లటి గీత ఎముక. ఇది మెదడు. ఈ రెండింటి మధ్య, కుడిపక్క నెలవంకలా కనపడుతుందే, అది పాతరక్తం. దెబ్బ తగిలినప్పుడు సన్నటి నాళం ఒకటి చిట్లి, కొంచెం కొంచెంగా చేరింది. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త ముడుచుకుంటుంది, ఆ నాళాలు సాగి ఉంటాయి. వాటికి చిన్న దెబ్బ చాలు. పైగా మీరు చెప్పారుగా, గుండె కోసమని రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు."

"మెదడు లోపల కాదా అండీ?"

"లోపల కాదు. బయట. డ్యూరా కింద."

"అంటే వరాశికకీ లౌతికళకీ మధ్యనా అండీ?"

ఆవిడ నావైపు అయోమయంగా చూసింది. "ఏమిటండీ?"

"వరాశిక... లౌతికళ... మృద్వి..."

"మీవాళ్ళా?"

నేను సిగ్గుపడుతూ బొమ్మమీద వేలుపెట్టి చూపించాను. బయటి మందపాటి పొర, దాని కింద సాలెగూడు పొర. ఆవిడ మొహం విప్పారింది. ఆవిడకు ఆ పొరలు చేత్తో తెలుసు, పేర్లు ఇంగ్లీషులో తెలుసు. నాకు పేర్లే తెలుసు, తెలుగులో. "అవును, సరిగ్గా ఆ మధ్యనే" అంది. ఎంసెట్లో ఆ ప్రశ్న వచ్చి ఉంటే నా బతుకు ఎలా ఉండేదో అనుకునే తీరిక అప్పుడు లేదు. నాకు ఒక్క మాటే వినపడుతోంది. బయట. తెలుగుభాషలో అంత అందమైన మాట ఉందని అంతవరకు నాకు తెలియదు. దారిపొడుగునా మెదడులోనే ఏదో మొలిచిందని భయపడ్డవాడికి, అది గడప బయటే ఆగిందని చెప్పినట్టయింది.

"మెదడు జోలికి మేం పోం" అంది డాక్టరమ్మ. "ఎముకకి రెండు చిన్న రంధ్రాలు పెడతాం. ఆ పొర తెరిచి, రక్తం బయటికి పంపి, కడుగుతాం. మెదడు తన చోటుకి అదే వస్తుంది. భయం లేదని చెప్పను. ఆలస్యం చేస్తే మాత్రం భయమే. తొందరగానే తెచ్చారు."

ఆపరేషను గది బయట బెంచీమీద అత్త, నేను. అత్త ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండోదాంతో పొడుచుకొచ్చిన తన నుదుటి ఎముకను మాటిమాటికి తడుముకుంటోంది. ఆ నుదురు ఇంట్లో పెద్ద హాస్యం. గుమ్మం తగిలితే గుమ్మానికే నొప్పి అనేది అమ్మ.

"అబ్బాయ్, లోపలేం చేస్తన్నారో నాకర్థమయ్యేట్టు చెప్పరా. ఆ సంస్కృతం మానేసి."

తరగతి గదిలో ఎంత అరిచినా రాని మాట నాకు అక్కడ దొరికింది. "ఉడకబెట్టిన గుడ్డు వలుస్తావు కదత్తా. పెంకు తీసేటప్పుడు, దాన్ని పట్టుకుని తెల్లటి పలచటి పొర ఉంటదిగా?"

"ఉంటది. దాన్ని లాగితేనే పెంకు సుళువుగా ఊడేది."

"తల కూడా అంతే. పెంకు ఎముక. ఆ పొర కింద కాస్త రక్తం చేరింది. లోపలున్నదాన్ని పక్కకు నెడుతోంది. పెంకుకి చిల్లి పెట్టి, దాన్ని బయటికి తీస్తున్నారు."

అత్త వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "పెంకు, పొర" అంది. "సొన బాగానే ఉందా?"

"సొన ముట్టుకోరు."

"ముట్టుకోవడం కాదురా. బాగుందా?"

లేచాక చూస్తేగానీ తెలియదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అమ్మ ప్రాణం నిలవాలని ఇద్దరం కోరుకుంటున్నాం, అది పైకి అనే మాట. లోపలిమాట వేరే ఉంది. కల్లంలో తలెత్తి "సరే వదినా" అన్న ఆ మనిషి కాకుండా, మా మనిషి తిరిగిరావాలి.

అత్త అక్కడే కూర్చుని కోటప్పకొండకు తలనీలాలు మొక్కుకుంది. పైకే మొక్కింది, దేవుడికి చెవుడున్నట్టు. నర్సొచ్చి మెల్లగా మాట్లాడమని చెప్పిపోయింది.

డాక్టరమ్మ బయటికొచ్చి టోపీ తీసింది. "అయిపోయింది. ఇంజన్ ఆయిల్లాగా వచ్చింది పాతదంతా. మెదడు నాడిలా బాగా కొట్టుకుంటోంది, పైకి వస్తోంది" అంది. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోదగ్గది కాదు. ఆవిడకు దణ్ణం పెట్టబోయి, చేతిలో ఉన్న ఫ్లాస్కు సంగతి మర్చిపోయి, టీ అంతా నా ప్యాంటు మీద పోసుకున్నాను. నా జీవితంలో మెదడుకు సంబంధించిన గొప్ప ఘట్టాలన్నీ ప్యాంటు తడవడంతోనే ముగుస్తాయి.

అమ్మను చూడనిచ్చారు. దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తలంతా గుండు, దానికి కట్టు, కట్టులోంచి సన్నటి గొట్టం. నర్సు ఊరిపేరు అడిగింది, చెప్పింది. నెల అడిగింది, కాస్త ఆలోచించి చెప్పింది. ఎడమచేత్తో వేలు నొక్కమంది, నొక్కింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఏదో తక్కువగా ఉంది. పరీక్షలో అన్నీ రాసిన విద్యార్థిలా చెబుతోంది. అమ్మలా లేదు.

అత్త మంచం పక్కన నిలబడి, ఏడుపు ఆపుకోవడానికి నోటికొచ్చింది అంది. "కాయంతా కల్లంలో వదిలేసి, ఇక్కడ ఫ్యానుకింద పడుకున్నావా మహారాణీ?"

అమ్మ కళ్ళు తిప్పి చూసింది. చూపు ఒకసారి అత్త నుదుటి మీద ఆగింది. పెదవులు తడి చేసుకుంది.

"దూరం జరుగు వదినా" అంది. "ఆ తలకాయ నా మీదికి తేవాకు."

అత్త ఏడ్చింది. ఆసుపత్రి మొత్తం వినపడేట్టు ఏడ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చి, పేషెంటుకేమైందని కంగారుపడింది. "ఏం కాలేదమ్మా, తిట్టింది" అన్నాన్నేను. ఆ అమ్మాయికి అది ఎందుకంత శుభవార్తో అర్థం కాలేదు.

సొన బాగుంది.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు విశ్రాంతి. ఎడమకాలికి బలం మెల్లగా వచ్చింది. చెప్పు జారడం ఆగింది. గండం గడిచి గుండు మిగిలింది. తల కుడివైపు, జుట్టు అంచున ఒకటి, కాస్త వెనగ్గా ఒకటి, వేలు పెడితే దిగేంత గుంటలు రెండున్నాయి. చూడటానికొచ్చిన ప్రతివాళ్ళకూ అమ్మ వాటిని తడిమి చూపించేది. "కొమ్ములు రాకూడదని రెండోది కొట్టింది మా వదిన. రాలేదమ్మా, మాట దక్కించుకుంది. వాటి బదులు గుంటలొచ్చాయి." ఆ మాట పడ్డప్పుడల్లా అత్త లోపలికి వెళ్ళిపోయేది. మొదట్లో నవ్వుతూ వెళ్ళేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

ఏ దెబ్బవల్ల వచ్చిందని నేను డాక్టరమ్మను కట్టు విప్పించడానికి వెళ్ళినప్పుడు అడిగాను కూడా. "చెప్పలేమండీ. మొదటిదొక్కటే చాలి ఉండొచ్చు" అంది. అత్తకు చెప్పాను. "ఉండొచ్చు అందిగానీ, అవును అనలేదుగా" అంది అత్త. లాయరు కావాల్సిన మనిషి.

కోటప్పకొండ వెళ్ళి మొక్కు తీర్చుకుని అత్త గుండుతో దిగింది. అమ్మ అరుగుమీద నుంచి చూసి, "ఏంది వదినా, నాకు తోడొచ్చావా?" అంది. అంతే. ఆ రోజు గుంటల మాట ఎత్తలేదు. తర్వాత కూడా ఎవరి ముందూ ఎత్తలేదు.

ఆఖరి కోత కాయ వచ్చింది. కల్లంలో ఇద్దరూ తాలు ఏరుతున్నారు, నేను సెలవురోజు కదా అని గోతాలు దులుపుతున్నాను. అమ్మ చెయ్యి చూడకుండానే నడుస్తోంది. ఎరుపు ఎరుపులోకి, తాలు తాలులోకి. పైగా అత్త ఎర్రకుప్పలోంచి ఒక తాలుకాయ తీసి ఆవిడ మొహం ముందు ఆడించింది. "కళ్ళుగానీ అమ్ముకున్నావా?" ఆ మాట ఎప్పుడో తనను అన్నదేనని ఆవిడకు గుర్తుందో లేదో నాకు తెలియదు. అత్తకు గుర్తుంది. మొహమంతా వెలిగింది.

దూరంగా దొర్లిన కాయకోసం ఇద్దరూ ఒకేసారి వంగారు.

పెద్ద దెబ్బేం కాదు. రెండు గుండ్లు మెత్తగా తాకాయి. చప్పుడు కూడా రాలేదు. కానీ నా చేతిలో గోతం ఆగిపోయింది. అత్త ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది, వంగినదల్లా లేవలేదు.

అమ్మ నిటారుగా కూర్చుంది. తల ఒకసారి తడుముకుంది. అత్త భుజం పట్టుకుని పైకి లేపింది.

"ఇంక రెండోది వద్దులే వదినా" అంది. "కొమ్ములొస్తే రానీ. జుట్టెట్టాగూ లేదుగా, వాటినే దువ్వుకుందాం."

అత్త నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, ఆఖరికి ఒళ్ళంతా. నవ్వుతూనే చేతులెత్తి, కాయ ఘాటు అంటకుండా మణికట్లతో అమ్మ తలను రెండువైపులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూసింది. గుడ్డు కొనేముందు ఎండకేసి పట్టి చూస్తారు చూడండి, అట్లా. అప్పటికి గుంటల చుట్టూ వెంట్రుకలు గరుగ్గా మొలుస్తున్నాయి.

"బాగానే ఉందిలే" అని వదిలేసింది.

ఇద్దరూ మళ్ళీ తాల్లో పడ్డారు. కాసేపటికి, వేళకు గోతాలు దులపనందుకు నన్ను వంతులవారీగా తిట్టడం మొదలుపెట్టారు. రేడియో మోగుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా గోతాలు దులుపుకున్నాను.